‘ఏడాదికి రెండు రోజుల బౌద్ధులు’: ఆ పోస్టుకు మా ఇంటి నుంచి జవాబు

ఈ వైశాఖ పున్నమికి మా బంధువుల గ్రూపులో ఒక పోస్టు వచ్చింది. మర్నాటికి అదే పోస్టు హన్మకొండలో మా కాలనీ గ్రూపులో కనబడింది, సాయంత్రానికి మంచిర్యాలలో ఉన్న మా వదిన ఫోన్‌కూ చేరింది. అందులో ఉన్నది ఇది: “మన దగ్గర బౌద్ధులంటే ఏడాదికి రెండు రోజులే, ఏప్రిల్ 14, డిసెంబర్ 6. మిగతా రోజుల్లో వాళ్ళకు పూజ లేదు, ఆచారం లేదు. రిజర్వేషన్ల కోసం మతం మారిండ్రు. బుద్ధుడు ఎట్లాగూ విష్ణువు అవతారమే. పైగా ఇది మహారాష్ట్ర నుంచి వచ్చిన మతం, తెలంగాణ మట్టికి సంబంధం లేదు.” ఆ రెండు రోజులూ బాబాసాహెబ్ అంబేడ్కర్ జయంతి, వర్ధంతి. ఆ పోస్టు పంపినవాళ్ళలో మా ఇంట్లో అన్నం తిన్నవాళ్ళున్నారు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు పూజ, ఆచారం సంగతి.

పొద్దున వాకిలి ఊడ్చి చల్లాక పెరట్లో నాలుగు నందివర్ధనం పూలు తెంపుకొస్తాను. గోడ అరలో చిన్న బుద్ధుని బొమ్మ, పక్కన బాబాసాహెబ్ ఫోటో ఉంటాయి. కొవ్వొత్తి, అగరుబత్తి వెలిగించి త్రిశరణం (బుద్ధుడు, ధమ్మం, సంఘం శరణు), పంచశీలం (ఐదు నియమాలు) పాళీ భాషలో చెప్పుకుంటాం. పూలు పెట్టేటప్పుడు చెప్పే గాథ ఒకటుంది: “పుప్ఫం మిలాయాతి యథా ఇదం మే, కాయో తథా యాతి వినాసభావం.” ఈ పువ్వు వాడిపోయినట్టే నా ఒళ్ళూ పోయేదే అని అర్థం. కొడుక్కి నౌకరీ రావాలని, బిడ్డకు సంబంధం కుదరాలని అడిగే మాట అందులో ఎక్కడా లేదు. తర్వాత పది నిమిషాలు కళ్ళు మూసుకుని శ్వాసను గమనిస్తూ కూర్చుంటాం. పున్నమి రోజు తెల్లబట్టలు కట్టుకుని అష్టశీలం, అంటే ఎనిమిది నియమాలు తీసుకుంటాం. ఆ రోజు మధ్యాహ్నం దాటితే అన్నం ముట్టం. ఆషాఢ పున్నమి నుంచి మూడు నెలలు వర్షావాసం, అంటే వానాకాలపు దీక్ష. ఆ రోజుల్లో మా బస్తీలో రోజుకొకరి ఇంట్లో కూడి బాబాసాహెబ్ రాసిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ చదువుకుంటాం. చదువు రానివాళ్ళు వింటారు, అడుగుతారు. వాళ్ళ ప్రశ్నలే ఎక్కువసార్లు మమ్మల్ని ఆపి ఆలోచింపజేస్తాయి.

ఇవన్నీ చేయడానికి పెద్ద కష్టమేమీ లేదు. కష్టమంతా ఐదో శీలంతోనే. “సురామేరయ మజ్జ పమాదట్ఠానా వేరమణీ”, మత్తు ముట్టను అని పొద్దున చెప్పుకోవడం తేలికే. సాయంత్రం దావతుకు పోయి కల్లు, మందు లేకుండా లేచి రావడం ఈ ప్రాంతంలో ఎంత కష్టమో ఇక్కడ పుట్టినవాళ్ళకు తెలుసు. పుట్టుకకూ చావుకూ చుక్క పడాల్సిందే.

మా బాపు పోయిన రోజు చిన్నాయన కల్లు తెప్పించిండు. “అన్న జీవి కొట్టుకుంటది, నోట్లె చుక్క పొయ్యకుంట ఎట్ల సాగనంపుతరే?” అని ఏడ్చిండు. మా అవ్వ (అమ్మ) ఒక్కటే మాటన్నది: “ఇరవై ఏండ్ల సంది ముట్టని మనిషి. ఇప్పుడెందుకు పోస్తరు?” మేం పోయనియ్యలేదు. “అనిచ్చా వత సఙ్ఖారా”, ఏర్పడినవన్నీ అనిత్యమే అనే గాథ చెప్పుకుని సాగనంపాం. మూడో రోజు పిట్టకు పెట్టలేదు. శ్రాద్ధం, పిండం పెట్టనని బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఆరోది, బాపు బతికున్నప్పుడు చెప్పుకున్న మాట. పదకొండో రోజు అందరికీ భోజనం పెట్టి, బస్తీ పిల్లలకు నోటుబుక్కులు పంచాం. ఆ తర్వాత మూడిళ్ళవాళ్ళు ఏడాది మాతో మాట్లాడలేదు. మాకు ఏ ఆచారమూ లేకపోతే, అందరిలాగే కానిచ్చేస్తే సరిపోయేది. ఎవరూ అలిగేవాళ్ళు కాదు.

ఇక రిజర్వేషన్ల మాట. ఈ నింద వేసేవాళ్ళు ఒక్కసారి తేదీలు చూడాలి. నాగపూర్‌లో బాబాసాహెబ్ తన జనంతో బౌద్ధ దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14న. బౌద్ధులను షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో చేర్చింది 1990లో. ఆ మధ్య 34 ఏళ్ళు బౌద్ధుణ్ణని రాసుకున్న మనిషికి కేంద్రం లెక్కలో ఎస్సీ హోదా లేదు. ఉన్నదాన్ని వదులుకుని మారినవాళ్ళను పట్టుకుని, దానికోసమే మారిండ్రంటే ఎట్లా? ఇప్పటికీ తిప్పలు తీరలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన దగ్గర బీసీ-సీ కిందికి వస్తారు. మతం కాలమ్‌లో బౌద్ధం అని రాసినందుకు మా అబ్బాయి కులం సర్టిఫికెట్ అర్జీని ఒక ఆఫీసులో ఆ లెక్కలోకే తోయబోయారు. 1990 సవరణ కాగితం పట్టుకుని నాలుగుసార్లు తిరిగాక ఎస్సీ అని ఇచ్చారు. ‘హిందూ’ అని రాసుంటే మొదటి రోజే చేతికొచ్చేది. లాభం చూసుకునేవాళ్ళెవరూ ఈ తిరుగుడు కోరుకోరు.

విష్ణువు అవతారం అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. భాగవతంలో బుద్ధుని పేరు అవతారాల్లో ఉన్న మాట నిజం. అయితే దేనికోసం పుట్టాడని చెప్పారో అది కూడా చదవాలి: దేవతల శత్రువులను మోహంలో పడేయడానికని ఉంది. అంటే ఆయన చెప్పింది జనాన్ని భ్రమపెట్టే మాట అని. మా గురువును అట్లా కలుపుకోవడం మాకు గౌరవం కాదు. ఐదో ప్రతిజ్ఞ ఈ అవతారం మాటను కాదనేదే.

తెలంగాణ మట్టికి సంబంధం లేదన్న మాట నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. పెద్దపల్లి జిల్లా ధూళికట్టకు ఒకసారి వెళ్ళి రండి. శాతవాహనుల కాలం నాటి స్తూపం ఉంది, వానలో బుద్ధునికి పడగ పట్టాడని చెప్పే ముచిలింద నాగుణ్ణి చెక్కిన ఫలకాలు అక్కడే దొరికాయి. సుత్తనిపాతం అనే పాళీ బౌద్ధ గ్రంథంలో బావరి అనే ముసలి బ్రాహ్మణుడి కథ ఉంది. గోదావరి ఒడ్డున, అస్సక అనే పాత రాజ్యపు సీమలో ఉంటాడు. బుద్ధుడు పుట్టాడని విని, పదహారుగురు శిష్యులను ఆయన దగ్గరికి పంపిస్తాడు. వాళ్ళు అడిగిన ప్రశ్నలూ బుద్ధుడు చెప్పిన జవాబులూ ఆ గ్రంథం చివరి భాగమంతా ఉన్నాయి. అస్సక రాజధాని పోతన మన నిజామాబాద్ జిల్లా బోధనేనని, బావరి ఉన్నది నిర్మల్ జిల్లా బాదనకుర్తిలోనని చెప్పే చరిత్రకారులున్నారు. స్థలం గురించి వాదనలు ఉండొచ్చు, నది మాత్రం ఇదే.

మా ఇంటికి ధమ్మం మహారాష్ట్ర నుంచి రైలెక్కి వచ్చిన మాటా నిజమే. బాపు కాజీపేటలో రైల్వే కార్మికుడు. నాగపూర్‌లో ఆ దీక్ష జరిగిన దీక్షాభూమికి పోయి, ఆ అరలో ఉన్న బుద్ధుని బొమ్మను తువ్వాలలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకుని తెచ్చిండు. దాన్ని దాచాల్సిన పనేముంది?

ఆ పోస్టులో రాయనిది ఒకటి నేనే చెప్తాను. మాలో అందరం ఒక్కలాగ లేం. బాపు నోట్లో కల్లు పోయనియ్యని మా అవ్వే, పోచమ్మకు బోనం మాత్రం ఇప్పటికీ తీస్తుంది. నేను బోనం ఎత్తను. ఆ రోజు మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. “ముగ్గురు బిడ్డలను అమ్మవారు పోస్తే కాపాడుకున్న. ఆ తల్లిని ఎట్ల ఇడిసిపెట్టాలె?” అంటుంది. దానికి నా దగ్గర ఉన్న జవాబులన్నీ పుస్తకాలవి; ఆమె ముందు నోట్లోంచి రావు. తెల్లారి మళ్ళీ పూలు తెంపేది ఆమే. గాథ తప్పు లేకుండా చెప్పేదీ ఆమే.