చుక్క కోసం మొక్కు

పరీక్ష పాసైతే నూటొక్క కొబ్బరికాయలు, పెళ్లి కుదిరితే తలనీలాలు. ఆపద మొక్కుల్లో మనల్ని మించినవాళ్లు లేరని నిన్నమొన్నటి దాకా నాకు గట్టి నమ్మకం. ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చదివాక ఆ గర్వం కాస్తా అణిగింది. అక్కడ మొక్కును ‘ప్రజాప్రయోజన హామీ’ అంటారు. మొక్కేది చుక్క కోసం.

చుక్క అంటే డాట్. డాట్ కామ్ లాగా చుక్క తర్వాతి ముక్క ఏదైనా మన చేతిలో ఉండాలంటే, ఇంటర్నెట్ పేర్ల పంపకం చూసే ఐకాన్ అనే సంస్థకు దరఖాస్తు పెట్టుకోవాలి. 2012లో ఒక్కో దరఖాస్తుకు రుసుము లక్షా 85 వేల డాలర్లు. అయినా 1,930 పడ్డాయి. పుస్తకం, డాక్టరు, ఆరోగ్యం, బీమా, ఏ మాటనూ వదల్లేదు. మన రాముణ్ణీ వదల్లేదు. డాట్ రామ్ కావాలని క్రైస్లర్ కార్ల కంపెనీ అడిగింది, వాళ్ల ట్రక్కు పేరది. భారత ప్రభుత్వం ససేమిరా అంది. ఇంగ్లీషులో పొట్టేలుకీ రఘురాముడికీ ఒకటే స్పెల్లింగైతే పాపం క్రైస్లర్ మాత్రం ఏం చేస్తుంది?

ఇలా తలా ఒక దేశం అభ్యంతరం చెప్పేసరికి 2013 ఫిబ్రవరిలో ఐకాన్‌కు ఒక దివ్యమైన ఆలోచన తట్టింది. ‘నాయనలారా, మీ చుక్కతో ఏం మేలు చేస్తారో, ఏ కీడు చేయరో మీరే రాసివ్వండి. మార్చి 5 ఆఖరు’ అంది. ప్రశ్న దరఖాస్తుదారులదే, జవాబు వాళ్లదే, మార్కులు వేసుకోవడం కూడా దాదాపు వాళ్లదే. ప్రజాప్రయోజనమంటే ఏమిటో వేల ఏళ్లుగా తేలక పండితులు కొట్టుకు చస్తున్నారు. ఇక్కడ నెల తిరక్కుండా వందల ప్రతుల్లో తయారైపోయింది. ఆ ప్రజలెవరో వాళ్లని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే గడువు దాటిపోదూ?

కొన్ని హామీ పత్రాల చివర ఇంకో వాక్యం ఉంది. వ్యాపార అవసరం పడితే ఈ హామీలను మార్చుకునే, మానుకునే హక్కు మాదే అని దాని భావం. నేను లేచి నిలబడి దణ్ణం పెట్టాను. ‘స్వామీ, కొండకు నడిచే వస్తాను, కాళ్లు నొప్పెడితే రాను’ అని మొక్కుకోవచ్చని మా అమ్మమ్మకు ఎవరూ చెప్పలేదు. అనవసరంగా మెట్లన్నీ ఎక్కింది.

మాట తప్పితే? దానికీ ఏర్పాటుంది. నష్టపోయినవాడు తనకు నష్టం జరిగిందని చూపించి ఫిర్యాదు చేసుకోవచ్చు. డాట్ ఫీడ్‌బ్యాక్ మీద కొన్ని పెద్ద బ్రాండ్లు అలాగే వెళ్లాయి. పారదర్శకంగా నడుపుతామన్న హామీ నిలబెట్టుకోలేదని 2017 మార్చిలో తేలింది. ఐకాన్ నోటీసిచ్చి సరిదిద్దుకోమంది. చుక్క ఎక్కడికీ పోలేదు.

అసలు మహామొక్కు డాట్ ఆర్గ్‌ది. సేవాసంస్థలు, గ్రంథాలయాలు, ధర్మాసుపత్రులు ఉండే వాడ అది. దాదాపు కోటి పేర్లు. 2019 జూన్‌లో దాని ధరల మీదున్న పరిమితి ఎత్తేశారు. నవంబరుకల్లా ఈథోస్ క్యాపిటల్ అనే కొత్త కంపెనీ 113.5 కోట్ల డాలర్లతో కొనడానికి వచ్చేసింది. ముహూర్తబలం అంటే అదీ. సేవాసంస్థలు గోల పెట్టగానే ఈథోస్ 2020 ఫిబ్రవరిలో మొక్కుకుంది: ఎనిమిదేళ్లపాటు సగటున ఏడాదికి పది శాతానికి మించి ధర పెంచం! వినడానికి ఎంత నిగ్రహం! మా ఊరి వడ్డీ వ్యాపారికి ఈ లెక్క చెబితే కాగితం అక్కర్లేకుండా వేళ్ల మీదే తేల్చేశాడు: వందకి ఎనిమిదేళ్లలో రెండొందల పద్నాలుగు. ‘నిగ్రహం బాగానే ఉంది, నేనూ పాటిస్తాను’ అన్నాడు. ఐకాన్ ఉండే కాలిఫోర్నియా రాష్ట్ర అటార్నీ జనరల్ వద్దని ఉత్తరం రాశాక, ఏప్రిల్ 30న ఐకాన్ ఆ అమ్మకానికి ఒప్పుకోనంది.

సరిగ్గా ఆరేళ్లకు, 2026 ఏప్రిల్ 30న, కొత్త దరఖాస్తుల తలుపులు తెరవాలని ముహూర్తం పెట్టారు. రుసుము 2 లక్షల 27 వేల డాలర్లు, అంటే రమారమి రెండు కోట్ల రూపాయలు. ఈసారి దరఖాస్తుదారు తనంతట తాను ఇచ్చే హామీలకు పేరు కూడా మార్చారు: ‘రిజిస్ట్రీ స్వచ్ఛంద హామీలు’. రిజిస్ట్రీ అంటే చుక్కను నడిపే సంస్థ. ప్రజలూ పోయారు, ప్రయోజనమూ పోయింది, చివరికి స్వచ్ఛందం మిగిలింది. ఈ వ్యవహారంలో ఇంత నిజాయితీగల సవరణ ఇంకోటి లేదని నా నిశ్చితాభిప్రాయం. సైట్లలో ఏం రాయాలో ఏం రాయకూడదో కట్టడి చేసే హామీలు అసలు పుచ్చుకోబోమని కూడా 2024లోనే తేల్చేశారు.

అన్నట్టు, ఈ ఐకాన్ సభ మన హైదరాబాద్‌లోనూ జరిగింది. 2016 నవంబరు 3 నుంచి 9 దాకా, మాదాపూర్ దగ్గర. దేశదేశాల ప్రతినిధులు వచ్చారు. 8వ తేదీ రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనిపించి ఐదొందలు, వెయ్యి నోట్లు ఆ అర్ధరాత్రి నుంచి చెల్లవన్నారు. ఆ నోటు మీదా ఒక హామీ ఉంటుంది, తెచ్చినవారికి ఇంత చెల్లిస్తానని, గవర్నర్ సంతకంతో సహా. హామీల మీద వారం రోజులు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లంతా మర్నాడు పొద్దున్న వంద నోట్ల కోసం ఒకరి మొహాలొకరు చూసుకుని ఉంటారు.