కత్తెర ఎక్కడుందో అందరికీ తెలియాలి

మొన్న రాత్రి మా అబ్బాయి బడి పనికోసం అట్టలూ జిగురూ ముందేసుకుని "అమ్మా, కత్తెర ఎక్కడుంది?" అని కేకేశాడు. నేను స్నానం చేస్తున్నాను. తలుపు వెనక నుంచే చెప్పాను: హాల్లో బల్ల సొరుగు, కుడి మూల, టేపు చుట్టల అడుగున. రెండు నిమిషాలు కాలేదు, మా వారి గొంతు: "కరెంటు బిల్లు ఎక్కడ పెట్టావు?" దానికీ తలుపు వెనక నుంచే జవాబు. ఆ వెంటనే తన ఆటల బూట్ల కోసం మా అమ్మాయి.

మగ్గు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. నలుగురం ఉంటున్న ఇల్లు. ఏది ఎక్కడుందో తెలిసింది నా ఒక్కదానికే. రేపు నాకు జ్వరమొస్తే, జ్వరం మాత్ర ఎక్కడుందో చెప్పాల్సింది కూడా నేనే.

ఇల్లు సర్దుకోవడం మీద చిట్కాలకు కరువు లేదు. వాటిలో చాలావరకు కంటికి ఇంపుగా ఉండటం గురించే మాట్లాడతాయి. బల్లమీద ఏమీ ఉండకూడదు, డబ్బాలన్నీ ఒకే రంగువి కావాలి, బట్టలు నిలువుగా మడవాలి. నాకు కోపం వచ్చేది అక్కడే. ఎంత అద్దంలా మెరిసినా, ప్రతి వస్తువు ఆచూకీ ఒక్క మనిషి తలలోనే ఉన్న ఇంటిని సర్దిన ఇల్లు అనలేను. ఆ మనిషి చాకిరీని అలమరలో పెట్టి తలుపు వేశారు, అంతే.

ఇది నా ఒక్కదాని బాధ అనుకునేదాన్ని. 2010లో అమెరికాలో ఒక పరిశోధన ప్రచురితమైంది. ఇద్దరూ ఉద్యోగాలు చేసే 30 జంటలను, మీ ఇల్లు తిప్పి చూపిస్తూ మాట్లాడండి అన్నారు. చిందరవందర, మిగిలిపోయిన పనులు అంటూ ఎక్కువగా మాట్లాడిన భార్యల్లో, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోను సాయంత్రానికి తగ్గాల్సినంత చురుగ్గా తగ్గడం లేదని తేలింది. చదివినప్పుడు ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టు అనిపించింది. సోఫా మీద పడి ఉన్న తువ్వాలు మిగతావాళ్లకు తువ్వాలే. నాకు అది చేయాల్సిన పని.

ఆదివారం నలుగురినీ కూర్చోబెట్టి ఆ బల్ల సొరుగును నేలమీద పాత దుప్పటి పరచి కుమ్మరించాను. మూడు కత్తెరలు. ఏ తాళానివో తెలియని ఏడు చెవులు. ఇప్పుడు ఇంట్లో లేని ఫోన్ల ఛార్జర్లు నాలుగు. తెల్లటి పొడి కారిన పెన్సిల్ సెల్లులు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఫ్రిజ్ రసీదు. వారంటీ కోసం ప్లాస్టిక్ కవరులో ఎంతో జాగ్రత్తగా దాచాను. తీసి చూస్తే తెల్ల కాగితం! ఆ రకం రసీదు మీద సిరా ఉండదు, వేడి తగిలితే నల్లబడే పూత మాత్రమే ఉంటుంది. ఎండకూ వేడికీ, కొన్నిసార్లు ప్లాస్టిక్ కవరు అంటుకుని ఉన్నా కూడా, అక్షరాలు వెలిసిపోతాయి. దయచేసి కొన్న రోజునే ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. దాచడం వేరు, కావలసినప్పుడు చేతికి దొరకడం వేరు.

జపాన్ కర్మాగారాల నుంచి వచ్చిన 5ఎస్ అనే పద్ధతి ఒకటుంది. అందులో మొదటి మెట్టు అక్కర్లేనివి ఏరివేయడం, రెండో మెట్టు మిగిలినవాటికి చోటు చూపడం. మనం ఏళ్ల తరబడి రెండోదే ముందు చేస్తున్నాం. ఏరకుండానే డబ్బాలు కొంటాం, చెత్తను అందంగా పేరుస్తాం, చోటు చాలక ఇంకో అలమర కొంటాం. డబ్బా కొనడం ఆఖరి పని. ఏరడం పూర్తయ్యాక చాలాసార్లు దాని అవసరమే పడదు.

ఏరడం కష్టమే, ఒప్పుకుంటాను. చేతిలో ఉన్నదానికి మనసు ఎక్కువ విలువ కడుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో కొందరు విద్యార్థులకు కప్పులు ఇచ్చి ఎంతకు అమ్ముతారని అడిగితే, కప్పు లేనివాళ్లు ఇస్తామన్నదానికి రెట్టింపు దాకా చెప్పారు. 1990లో అచ్చయిన ప్రయోగం అది. చేతికొచ్చి కాసేపే అయిన కప్పుకే అంత ధర పలికితే, పదేళ్లుగా ఇంట్లో ఉన్న వస్తువు సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే "ఇది ఉంచాలా?" అని నన్ను నేను అడగడం మానేశాను. "ఇది ఇప్పుడు నా దగ్గర లేకపోతే మళ్లీ కొంటానా?" అని అడుగుతున్నాను. అయినా తేలనివి ఒక అట్టపెట్టెలో వేసి, పైన తేదీ రాసి, ఆరు నెలలు అటక మీద ఉంచుతున్నాం. ఆ పెట్టెలో ఏముందో ఎవరికీ గుర్తు రాకపోతే నిర్ణయం జరిగిపోయినట్టే.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తాను. ఇంకొకరి వస్తువును వాళ్లకు చెప్పకుండా పారేయకండి. మా అమ్మాయి చిన్నప్పటి గులకరాళ్ల డబ్బాను ఒకసారి నేను అలాగే పారేశాను. అది ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ తర్వాత చాలాకాలం తన గదిలోకి నన్ను చీపురుతో రానివ్వలేదు.

ఇక చోటు చూపడం. ఇన్నాళ్లూ ప్రతిదానికీ చోటు నేనే నిర్ణయించాను, అందుకే అది నాకే గుర్తుంది. ఆదివారం మాత్రం కత్తెర ఎత్తి చూపించి, "ఇది కావాలంటే ముందు ఎక్కడ వెతుకుతావు?" అని అబ్బాయిని అడిగాను. "నా చదువు బల్ల దగ్గర" అన్నాడు. కత్తెర ఇప్పుడు అక్కడే, మేకుకు వేలాడుతోంది. బిల్లుల కోసం మా వారు ముందు చూసేది తలుపు పక్క గూట్లోనట, బిల్లుల ఫైలు అక్కడికి వెళ్లింది. వెతికే మనిషి ముందు చూసే చోటే ఆ వస్తువు చోటు. ఎవరికీ బోధించాల్సిన పని లేకుండా పోయింది. తీసింది తిరిగి పెట్టడానికి మూత తీయడం, ఇంకో డబ్బా జరపడం లాంటి అడ్డంకులు కూడా ఉండకూడదు. పిల్లల బూట్లకు మూత లేని బుట్ట పెట్టగానే అవి బుట్టలో పడుతున్నాయి.

కాగితాలకూ ఫోనుకూ ఇదే దారి. అక్కర్లేని యాప్‌లు తీసేశాను. బడి నుంచి వచ్చే కబుర్లు నా ఒక్కదాని ఫోనుకే వచ్చేవి, ఇప్పుడు మా వారి నంబరు కూడా ఇచ్చాం. ఎవరెవరు ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలో గోడ మీది క్యాలెండరులో ఎవరిది వాళ్లే రాయాలి. రాయనిది నేను గుర్తు చేయను. మొదటి వారంలోనే అమ్మాయి ఆటల సాధన ఒకటి తప్పిపోయింది. నాకు కష్టంగానే అనిపించింది, కానీ నోరు విప్పలేదు.

బట్టల అలమర, మందుల డబ్బా ఇంకా మిగిలే ఉన్నాయి. మందుల డబ్బా వచ్చే ఆదివారం మా వారు తీస్తానన్నారు: గడువు దాటినవి వేరు చేసి, జ్వరానికి, దెబ్బలకు, అజీర్తికి విడివిడి సంచులు పెట్టి, పైన పెద్ద అక్షరాలతో రాస్తారట. ఆయనే రాయాలి. నేను పక్కన కూడా కూర్చోను.