కుర్చీగారి అప్పగింతలు

2017లో కాలిఫోర్నియాలోని మా అలమీడా కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి రెండు జడ్జి కుర్చీలు అత్తారింటికి వెళ్లిపోయాయి. పక్కనున్న శాంటా క్లారా కౌంటీ నుంచి ఇంకో రెండు. దక్షిణాన జడ్జిలు చాలక అల్లాడే రివర్‌సైడ్‌కు రెండు, శాన్ బెర్నార్డినోకు రెండు చేరాయి. ఫ్రీమాంట్‌లో, సన్నీవేల్‌లో ఇంతమంది తెలుగువాళ్లం ఉండి కూడా ఒక్కరం వీధిలోకి రాలేదు, ఒడిబియ్యం పోయలేదు, కళ్లు తుడుచుకోలేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ పీకుతూనే ఉంది.

వెళ్లింది జడ్జిలు కాదని గమనించ ప్రార్థన. కుర్చీలే, అంటే పోస్టులే, అవీ ఖాళీవి. కాలిఫోర్నియాలో సుపీరియర్ కోర్టు (కౌంటీ స్థాయి కోర్టు) జడ్జిని ఆరేళ్ల పదవికి ఆ కౌంటీ ఓటర్లు ఎన్నుకుంటారు. మధ్యలో ఖాళీ వస్తే గవర్నర్ నింపుతారు. కూర్చున్న మనిషిని పట్టుకుని "పెట్టె సర్దుకో, ఎడారికి బదిలీ" అంటే కుదరదు. కాబట్టి ముందు ఎవరో ఒకరు రిటైరవ్వాలి, లేదా పరమపదించాలి. ఆ ఖాళీని గవర్నర్ నింపకుండా ఓపిక పట్టాలి. శాసనసభ చట్టం చేయాలి. ఇన్ని గ్రహాలు కలిస్తే గానీ నాలుగు కుర్చీలకు ముహూర్తం కుదరలేదు. అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ 2015లోనే కొత్త పోస్టులకు డబ్బిచ్చే బిల్లును వీటో చేసి, ముందు ఉన్నవాటిని సరిగ్గా పంచుకునే దారి చూద్దామన్నారు. కొత్త గిన్నె కొనమంటే మా అమ్మమ్మ కూడా ముందు అటక ఎక్కి చూడమనేది.

ఏ కౌంటీకి ఎంతమంది జడ్జిలు కావాలో కోర్టుల పాలన చూసే రాష్ట్ర జ్యుడీషియల్ కౌన్సిల్ రెండేళ్లకోసారి లెక్క కడుతుంది. తలలు లెక్కపెట్టి పంచడం మోటు పద్ధతి కనుక నిమిషాలు లెక్కపెడతారు. జడ్జిలు తమ పని దినాన్ని నిమిషాల్లో రాసిస్తే, ఒక్కో రకం కేసుకు సగటున ఎంతసేపు పడుతుందో తేలుస్తారు. ట్రాఫిక్ చలానాకు ఇంత, విడాకులకు ఇంత, హత్యకు ఇంత. వచ్చిన కేసులను ఆ నిమిషాలతో హెచ్చవేసి 77,400తో భాగిస్తే, కావలసిన జడ్జిలు వస్తారు. ఆ 77,400 అంటే ఒక జడ్జిగారి ఏడాది: 215 రోజులు, కేసుల మీద రోజుకు ఆరు గంటలు. శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్ నింపి పొట్టపోసుకునే జాతి మనది, ఈ లెక్కను మనం కాక ఎవరు గౌరవిస్తారు? కాకపోతే మనం కళ్లు మూసుకుని ఎనిమిది గంటలు వేస్తాం. జడ్జిలు ఆరే అన్నారు. అందుకే వాళ్లు జడ్జిలయ్యారు.

భాగహారం ఇంత చక్కగా వచ్చాక అసలు పంపకం దాని ప్రకారమే జరుగుతుందని అనుకునే అమాయకులు ఒకసారి ఆల్పైన్ కౌంటీకి వెళ్లి రావాలి. సియెర్రా నెవాడా కొండల్లో ఉంటుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ 1,204 మంది. జడ్జిలు ఇద్దరు. అంటే చంటిపిల్లలతో కలిపి 602 మందికి ఒకరు. మా ఊళ్లో పెళ్లి భోజనాల మొదటి పంక్తికే అంతకంటే ఎక్కువమంది లేస్తారు. నిమిషాల లెక్క ప్రకారం ఆ కౌంటీకి అరజడ్జి కూడా అక్కర్లేదు. కానీ పూర్వం ప్రతి కౌంటీలో ఒక పెద్ద కోర్టు, ఒక చిన్న కోర్టు ఉండేవి. 1998లో ఓటర్లు సరేనన్నాక రెండూ కలిసిపోయాయి. కోర్టులు కలిశాయి గానీ కుర్చీలు కలవలేదు. ఎంత చిన్న కౌంటీకైనా ఇద్దరు ఉండాల్సిందే.

ఇదే మర్యాద రివర్‌సైడ్‌లోని 24 లక్షల మందికీ చేయాలంటే ఇంచుమించు నాలుగు వేలమంది జడ్జిలు కావాలి. రాష్ట్రంలోని 58 కౌంటీలను దులిపినా రెండు వేలమంది రాలరు.

అలాగని సర్కారు చేతులు కట్టుకుని కూర్చుందనకండి. 2007లో 50 కొత్త పోస్టులు మంజూరు చేసింది. డబ్బు ఇవ్వలేదు. మంజూరుకూ డబ్బుకూ ఉన్న దూరం ఎంతో మన రెండు రాష్ట్రాల్లో పుట్టి పెరిగినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. 2018లో రివర్‌సైడ్‌కు రెండు పోస్టుల సొమ్ము వచ్చింది, 2019లో 25 పోస్టులది, 2022లో మిగిలిన 23 పోస్టులది. బారసాల 2007లో చేసి అన్నప్రాసన 2022లో పెట్టారు. అప్పటికి పిల్లాడికి మీసాలొచ్చాయి.

ఈలోగా రివర్‌సైడ్ ఏం చేసిందంటారా? 2007లో క్రిమినల్ కేసులు గుట్టలు పడితే, అప్పటి రాష్ట్ర చీఫ్ జస్టిస్ రోనాల్డ్ జార్జ్ బయటి నుంచి జడ్జిల దండును పంపారు. గదులు చాలక, మూతపడిన ఒక ప్రాథమిక పాఠశాలలో సివిల్ విచారణలు నడిపారు. మా చిన్నప్పుడు బడికి గది లేక చెట్టు కింద నడిచేది. అక్కడ కోర్టుకు గది లేక బడిలో నడిచింది. మెట్టు మెట్టుగా ఎక్కడమంటే ఇదే. గడువులోగా విచారణ మొదలుపెట్టడానికి జడ్జి దొరకకపోతే నిందితుడి మీద కేసు కొట్టేయాల్సి వస్తుంది. అలా కొట్టేయడం సబబేనని 2010లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కరోనా తర్వాత 2022 చివర్లో మళ్లీ అదే పాట మొదలై, వెయ్యికి పైగా కేసులు కొట్టేశారు. సాక్ష్యం ఉందా, నేరం జరిగిందా అనే దాకా వెళ్లలేదు. కుర్చీ లేదు, కేసూ లేదు.

అందుచేత నాదొక సూచన. కుర్చీ కదలాలంటే రిటైర్‌మెంటు, గవర్నరు, శాసనసభ అన్నీ కలిసి రావాలి. మనిషి కదలడానికి ట్రక్కు చాలు. రివర్‌సైడ్ జనమే ఆల్పైన్‌కు కాపురం మారిస్తే సరి. ఇదే మాట మా బావమరిదికి ఫోన్‌లో చెప్పాను. వాడుండేది రివర్‌సైడ్ కౌంటీలోని కరోనాలో. ఊరి పేరే అది, ఏం చేస్తాం.

"బావా, ఇదంతా ఎందుగ్గానీ, మీ దగ్గర్నుంచే ఇంకో రెండు కుర్చీలు పంపించకూడదూ?"

"ఎవరైనా రిటైరవ్వాలి కదరా. ముందు నువ్వు ఆల్పైన్ సంగతి ఆలోచించు. 602 మందికో జడ్జి. నీకు తెలిసిన జడ్జే నీ కేసు చూస్తాడు."

వాడు కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"అక్కడ ఇండియన్ స్టోర్ ఉందా, బావా?"