ఆకరాల ఎంపిక: తెలుగు పరిశోధకులకు హితబోధ

తెలుగు శాఖల్లో పీహెచ్‌డీకి చేరిన పిల్లలు కొందరికి ఈమధ్య ఒక ప్రమాదకరమైన అలవాటు అబ్బింది. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) గట్టెక్కీ ఎక్కకముందే మూల ఆకరాలంటూ ఊళ్లు పట్టుకు తిరుగుతున్నారు. వేటపాలెం సారస్వత నికేతనానికి పోయి పాత పత్రికల కట్టలు విప్పుతున్నారట. 1918లో పెట్టిన గ్రంథాలయం అది. ఇన్నేళ్లు ఆగింది, మీ థీసిస్ అయ్యేదాకా ఆగదా? దుమ్ము, తుమ్ములు సరే, మందులున్నాయి. అసలు పత్రిక చదివితే అప్పటికే రాసేసిన రెండో అధ్యాయం తప్పని తేలుతుంది, దానికి మందు లేదు.

అన్నిటికన్నా ప్రామాణికమైన ఆకరం గైడుగారి పుస్తకం. మీ అంశంతో దానికి సంబంధం ఉందా అని అడగడం సంస్కారం కాదు. మీది శతక సాహిత్యం, వారిది జానపద గేయాలు అయినా సరే, అధ్యాయానికి రెండుసార్లు వారిని స్మరించండి. వైవాకు (మౌఖిక పరీక్షకు) ఎవరొస్తారో ముందే పొక్కితే వారినీ స్మరించండి.

తర్వాతిది శోధగంగ. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఈ భాండాగారంలో థీసిస్‌లు లక్షల్లో ఉన్నాయి. ఫలానా కవి 'జీవితం – సాహిత్యం: సమగ్ర పరిశీలన' ఒకటి దొరికితే పని సగం అయినట్టే. కవి పేరు మార్చుకోవాలి. అన్నిచోట్లా మార్చాలి సుమా! ఏ నాలుగో అధ్యాయంలోనో పాత కవి మిగిలిపోయి, మీ కవి చనిపోయిన పదేళ్లకు అవార్డు అందుకుంటే బాగుండదు.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం థీసిస్‌కు ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. గాభరా వద్దు. మీరు ఎత్తుకొచ్చే పాత థీసిస్ అను ఫాంటులో కొట్టించినదై ఉంటే చాలు. అది యూనికోడ్ కాదు కనుక, మనకు తేనెలూరే తెలుగు, కాపీ పట్టే యంత్రానికి పిచ్చిగీతలు. పట్టుకుందామన్నా దానికి అక్షరం ముక్క రాదు. డీటీపీ సెంటర్ల రుణం తెలుగు పరిశోధన ఈ జన్మకు తీర్చుకోలేదు.

పత్రికల సంగతి రెండు మాటల్లో ముగిస్తాను. డబ్బు పంపిన మూడోనాటికి 'నిపుణుల సమీక్ష' ముగించే పత్రికలను నమ్మండి. 2018 మేలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచి ఒక్కసారే 4,305 పత్రికలను తీసేసింది. అంటే అంతకుముందు రోజుదాకా అవి ఆమోదితాలే కదా! మీ వ్యాసం తేదీ చూసుకోండి, అంతే.

ఇక కృత్రిమ మేధ. అడిగిందే తడవు రచయిత, ప్రచురణకర్త, పుట సంఖ్యలతో సహా లేని పుస్తకాన్ని పుట్టించి ఇవ్వగలదు. దీనంత భద్రమైన ఆకరం ఇంకోటి లేదు: లేని పుస్తకంలోంచి కాపీ కొట్టారని ఎవరు రుజువు చేస్తారు? 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు వకీళ్లు ఇలాగే లేని తీర్పులను కోర్టుకు చూపించి 5,000 డాలర్ల జరిమానా తెచ్చుకున్న మాట నిజమే. కానీ అక్కడ దాఖలు చేసిన కాగితాన్ని ఎదుటి పక్షం చదువుతుంది. థీసిస్‌కు ఆ బెడద లేదు.

చివరగా ఉపయుక్త గ్రంథసూచి. ఎంత లావుంటే అంత శ్రేష్ఠం. పాత థీసిస్‌లోది అచ్చుతప్పులతో సహా దించేయండి. దిద్దాలని చూడకండి. మీ ఎక్స్‌టర్నల్ (బయటి పరీక్షకులు) గారి థీసిస్‌లోనూ అవే తప్పులుంటాయి. మీరు సరిచేస్తే అదేదో వేరే పుస్తకమనుకుని ప్రశ్నలు వేస్తారు.