రొయ్యతో గృహప్రవేశం

ఉప్పునీటి చేప విడిదింట్లో దిగిన మగపెళ్లివారి చుట్టం లాంటిది. నీళ్లు కాస్త వేడెక్కితే అలక, కాస్త చప్పబడితే అలక. తేడా ఒక్కటే, ఇది అలకపాన్పు ఎక్కితే మళ్లీ దిగదు. ఈ సంగతి అక్వేరియం కొనేవాళ్లకి కొట్టువాడు చెప్పడు. చెప్పినా ఆ నీలం లైటు కింద ఎవరి చెవికీ ఎక్కదు.

ఉదాహరణకి ఒక ఇల్లు తీసుకుందాం. హైదరాబాదులో మూడో అంతస్తు ఫ్లాటు. ఇంటాయన, ఇంటావిడ, పదేళ్ల పిల్లవాడు, బామ్మగారు, వైజాగ్ నుంచి ఫోన్లో సలహాలు పంపే బావమరిది. తొట్టి పొడవు 120, వెడల్పు 50, ఎత్తు 50 సెంటీమీటర్లు, అంటే 300 లీటర్లు. దాని కింద స్టాండులో సంప్ అనే చిన్న తొట్టి. అందులో మురికిని నురగతో లాగేసే ప్రోటీన్ స్కిమ్మరు, నీళ్లని మళ్లీ పైకి తోసే పంపు.

మొదటి పేచీ వాస్తు దగ్గర. నీళ్లు ఈశాన్యంలో ఉండాలన్నారు బామ్మగారు. ఈశాన్యంలో కిటికీ ఉంది, కిటికీలోంచి పొద్దుటెండ ఉంది. ఎండ తగిలితే అద్దం నిండా పాచి, నీళ్లు వేడి. నీళ్లు, రాళ్లు, అద్దం, స్టాండు అన్నీ కలిపితే సుమారు 450 కిలోలు. "ముందు పెట్టేద్దాం, నచ్చకపోతే జరుపుదాం" అనుకోవడానికి అది సోఫా కాదు. చివరికి ఈశాన్యపు గదిలోనే ఎండ పడని గోడవార, కింద దూలం ఉన్నచోట పెట్టించారు. ఈ కథలో మొదటిసారే సరిగ్గా కుదిరిన పనుల్లో ఇదొకటి.

ఇక నీళ్లు. "బావా, డబ్బులు తగలేయకు. మా ఇంటి ముందు బంగాళాఖాతమే ఉంది, క్యాన్లలో పట్టి పంపిస్తా" అన్నాడు బావమరిది. మంచి మనసే. కానీ వానలు వెనకబట్టాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి పోసిన మంచినీరు తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తా పైనీటిలో ఉప్పు లీటరుకు 30 గ్రాముల కిందకి కూడా పడిపోతుంది. తొట్టికి కావలసింది 35. పైగా ఒడ్డున ముంచిన నీటిలో రేవు చమురు, ఊరి మురుగు ఉంటాయి. కంటికి కనపడని జీవాలు కోట్లలో ఉంటాయి, అవి మూతపెట్టిన క్యాన్లో హైదరాబాదు చేరేలోపే చచ్చి కుళ్లుతాయి.

"అయితే కల్లుప్పు ఉందిగా" అంది ఇంటావిడ. కల్లుప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. ఉప్పుమడిలో ఉప్పు గడ్డకట్టాక వదిలేసే చేదునీళ్లతోనే మెగ్నీషియం పోతుంది. సముద్రపు నీటిలో లీటరుకు 1300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం, 400 పైచిలుకు కాల్షియం ఉండాలి. కాబట్టి అక్వేరియం కోసమే చేసిన సముద్రపు ఉప్పు కొనక తప్పదు. లీటరుకు 37, 38 గ్రాముల చొప్పున 300 లీటర్లకి 11 కిలోలు. ధర విన్నాక ఇంటావిడ ఆ డబ్బాని పోపులపెట్టె పక్కన కాదు, బీరువాలో పెట్టింది.

ఉప్పు కలిపే నీళ్లు కూడా ఏవి పడితే అవి పనికిరావు. వంటింటి ఆర్.వో. మిషను రుచి కోసం కొన్ని లవణాలని వదిలేస్తుంది. దాని నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచే టి.డి.ఎస్. మీటరు పెడితే 50 నుంచి 150 దాకా చూపిస్తుంది. తొట్టికి సున్నా కావాలి, అంటే ఆర్.వో. తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డి.ఐ. రెజిన్ గొట్టం ఇంకొకటి తగిలించాలి. ముందు పీపాలో నీళ్లు, తర్వాత ఉప్పు. ఉప్పు పోసి దానిమీద నీళ్లు కుమ్మరిస్తే కాల్షియం తెల్లటి పొడిగా విరిగి అడుక్కి దిగిపోతుంది. చిన్న పంపు పెట్టి ఒక రోజంతా తిప్పి, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో 1.026 (మంచినీటితో పోల్చిన సాంద్రత, లీటరుకు 35 గ్రాముల ఉప్పంటే ఇదే) చూశాకే తొట్టిలోకి. ఆ రిఫ్రాక్టోమీటరుని కూడా 35 ఉప్పదనం ద్రావణంతో సరిచూసుకోవాలి. లేకపోతే అది ఇంట్లో అందరికన్నా ధీమాగా అబద్ధం చెబుతుంది.

నీళ్లు నిండాయి, రాళ్లు అమిరాయి, నీలం లైటు వెలిగింది. చుట్టాలకి కబురు వెళ్లింది. అందరూ పట్టుచీరల్లో వచ్చి చూస్తే తొట్టిలో చేపలు లేవు. పాత సాక్సులో కట్టి వేలాడదీసిన ఒక పచ్చి రొయ్య ఉంది, రాంనగర్ మార్కెట్ నుంచి తెచ్చింది. అప్పటికి నాలుగో రోజు. వాసన కూడా ఉంది.

"నాయనా, ఇన్ని వేలు పోసి కుళ్లిన రొయ్యని ఊరేస్తున్నావా?" అన్నారు బామ్మగారు, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని.

నిజానికి ఇంటాయన చేసిన రెండో మంచి పని అదే, కాకపోతే నోట మాట రాక చెప్పుకోలేకపోయాడు. రొయ్య కుళ్లితే అమోనియా పుడుతుంది. దాన్ని తినే బాక్టీరియా ఒకటి రాళ్లమీద స్థిరపడి అమోనియాని నైట్రైటుగా మారుస్తుంది. ఆ నైట్రైటుని నైట్రేటుగా మార్చే బాక్టీరియా దాని వెనకాల, తీరుబడిగా వస్తుంది. ఉప్పునీటిలో ఈ సంసారం నిలబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఈలోపు చేపని వేస్తే అది విడిచిన అమోనియాలోనే అది చస్తుంది. మంచినీటి తొట్టి కన్నా ఇక్కడ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే ఉప్పునీటి పి.హెచ్. 8.2 దగ్గర ఉంటుంది. పి.హెచ్. 7 దగ్గరి లెక్కతో పోలిస్తే అమోనియాలో విషరూపం వాటా పదిరెట్లకి పైమాటే. ఇరవై ఏళ్లుగా గోల్డ్ ఫిష్ పెంచుతున్న పెద్దనాన్నగారు "మేం ఏనాడైనా రొయ్యలు కట్టామా?" అని అడిగినప్పుడు చెప్పవలసిన జవాబు ఇదే. ఆయన వినరు, అది వేరే సంగతి.

అమోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు చేరగానే రొయ్యని తీసేయాలి. కొలిచే కిట్టులో నీళ్లు పసుపు నుంచి ఆకుపచ్చకి మారతాయి. ఇంటాయన కంటికి అన్నీ ఒకటే ఆకుపచ్చ. ఇంటావిడ ఒక్క చూపు చూసి, "ఇది చిలకపచ్చ కాదండీ, పెసరపచ్చ. కార్డులో రెండో గడి" అంది. చీరల కొట్లో ఆరితేరిన కళ్ల ముందు ఏ కిట్టయినా నిజం చెబుతుంది. ఆ తర్వాత అసలు పరీక్ష: మళ్లీ 2 మిల్లీగ్రాములకి సరిపడా అమ్మోనియం క్లోరైడు వేసి, 24 గంటల్లో అమోనియా, నైట్రైటు రెండూ సున్నా అయితే తొట్టి సిద్ధం. మధ్యలో రాళ్లమీద గోధుమరంగు పాచి పడుతుంది. అందరూ దాన్ని బ్రష్షు పెట్టి తోముతారు. తోమకపోయినా కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది.

ఇంతలో శుక్రవారం వచ్చింది, సాంబ్రాణి వచ్చింది. రాత్రికి దోమల మందు ప్లగ్గులో వెలిగింది. స్కిమ్మరు పని గదిలోని గాలిని పీల్చి సన్నటి బుడగలుగా నీటిలో కలపడం. గదిలో ఏముంటే అదే తొట్టిలోకి వెళ్తుంది. దోమల మందుల్లో ఉండే పైరిత్రాయిడ్లు చేపలకి, రొయ్యలకి విషం. స్కిమ్మరు గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టి, దోమల మందుని ఆ గది నుంచి బహిష్కరించారు. సాంబ్రాణి మాత్రం రాజీ కుదిరి పూజగదికి పరిమితమైంది.

ఇప్పుడు చేపల ఎంపిక. పిల్లవాడి జాబితాలో మొదటిది బ్లూ టాంగ్. కొట్లో రెండంగుళాలే ఉంటుంది గాని పెరిగితే అడుగు పొడవు, ఈత కొట్టడానికి కనీసం ఆరడుగుల తొట్టి కావాలి, తెల్లమచ్చల రోగం దానికే ముందు వస్తుంది. రెండోది మాండరిన్, పట్టుపంచె అంచులాంటి రంగులు. అది రాళ్లమీద పాకే కోపిపాడ్లు అనే బుల్లి జీవులు తప్ప ఇంకేదీ సాధారణంగా ముట్టదు. కొత్త తొట్టిలో అవి ఉండవు కాబట్టి చక్కగా పస్తులుండి పోతుంది. మూడోది సీహార్స్. దాన్నీ, గట్టి పగడాల్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతుంది. ఎవరైనా చాటుగా అమ్మినా కొంటే అటవీశాఖ వాళ్లు మాట్లాడటానికి వస్తారు. మిగిలింది క్లౌన్ చేపల జంట. హేచరీలో పుట్టినవైతే తొట్టికి, పొడి తిండికి అలవాటుపడే వస్తాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో పెంచే పద్ధతిని ఏనాడో నిలబెట్టింది. రెండిట్లో పెద్దది ఆడది, మాట దానిదే. ఆడది పోతే మగది ఆడదిగా మారుతుంది. ఇది విని పెద్దనాన్నగారు లేచి వెళ్లిపోయారు.

చేపలు చెన్నై నుంచి రాత్రి బస్సులో, సంచుల్లో వచ్చాయి. ఇక్కడ ఇంటాయన శ్రద్ధ హద్దు దాటింది. ఎక్కడో చదివినట్టు సంచి మూతి విప్పి, సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా రెండు గంటలు తొట్టి నీళ్లు అందించాడు. రాత్రంతా ప్రయాణం చేసిన సంచిలో అమోనియా పేరుకుని ఉంటుంది. చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడు వల్ల పి.హెచ్. తగ్గి, ఆ అమోనియా పడగ దించుకుని ఉంటుంది. మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోతుంది, పి.హెచ్. లేస్తుంది, పడగా లేస్తుంది. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తుంటే బామ్మగారు "పాపం దాహం వేస్తోంది" అన్నారు. చేయవలసింది వేరు. మూతి విప్పకుండా సంచిని 20 నిమిషాలు తేలించి వేడి కలపాలి. విప్పాక ముందు ఉప్పదనం కొలవాలి. చాలా కొట్లలో 1.019 దగ్గరే ఉంచుతారు, ఉప్పు ఆదా. విడిగా పెట్టుకున్న 40 లీటర్ల క్వారంటైన్ తొట్టిని అదే ఉప్పదనానికి వెంటనే సరిచేసి, చేపల్ని మాత్రం వలతో దించి, సంచి నీళ్లు పారబోయాలి. తర్వాత రోజుకి 0.001 చొప్పున పెంచుకోవచ్చు.

క్వారంటైన్ తొట్టి అప్పటికి లేదు. చేపలు నేరుగా పెద్ద తొట్టిలోకే వెళ్లాయి. వారానికి ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు.

"ఆటలమ్మ పోసింది, వేపాకు వెయ్యండి" అన్నారు బామ్మగారు. పసుపు నీళ్లు కూడా తయారయ్యాయి. ఇంటావిడ అడ్డుపడకపోతే తొట్టి పులిహోర అయ్యేది. ఐదో రోజుకి మచ్చలు మాయం. మొక్కు ఫలించిందని కొబ్బరికాయ కొట్టారు. క్రిప్టోకారియాన్ అనే ఆ పరాన్నజీవి మాత్రం ఇసుకలోకి దిగి, గూడు కట్టుకుని, ఒక్కొక్క గూడులో వందలకొద్దీ పిల్లల్ని పెడుతోంది. కొబ్బరి ముక్కలు అయిపోయేలోపు అవన్నీ వచ్చాయి. అప్పుడు పరుగులు. చేపల్ని వేరే తొట్టికి మార్చి, కొలుచుకుంటూ 30 రోజులు రాగి మందు. పెద్ద తొట్టిలో 76 రోజులు చేప అన్నదే లేకుండా ఖాళీ, తిండి దొరక్క ఆ జీవి చచ్చేదాకా. రాగిని పెద్ద తొట్టిలోనే పోసేస్తే సులువు కదా అంటాడు బావమరిది. రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి, నత్తలు, రొయ్యలు చస్తాయి. కాబట్టి చుట్టాలు మళ్లీ వచ్చినప్పుడు తొట్టిలో చేపలు లేవు. ఈసారి రొయ్య కూడా లేదు.

చేపలు తిరిగొచ్చేసరికి ఏప్రిల్. బయట 41 డిగ్రీలు, తొట్టిలో 31. కావలసింది 25, 26. నీళ్లని చల్లబరిచే చిల్లరు మిషను ఖరీదు చూసి ముందు ఫ్యాను పెట్టారు. ఫ్యాను రెండు మూడు డిగ్రీలు దించింది, రోజుకి ఒక సెంటీమీటరు నీటిని ఆవిరి కూడా చేసింది. ఈ తొట్టిలో సెంటీమీటరంటే 6 లీటర్లు. ఊరికి వెళ్తూ ఇంటాయన పిల్లవాడికి పని అప్పజెప్పాడు. వాడు బుద్ధిగా రోజూ 6 లీటర్ల ఉప్పునీళ్లు కలిపి పోశాడు. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు. పది రోజుల్లో రెండు కిలోల పైచిలుకు ఉప్పు అదనంగా చేరి 35 కాస్తా 42 అయింది. తగ్గిన మట్టానికి పోయాల్సింది వట్టి ఆర్.వో. డి.ఐ. నీళ్లు. చిల్లరు ఆ వారమే వచ్చింది.

మే నెలలో గాలివాన, కరెంటు పోయింది. పంపు ఆగింది. చేపలకి గాలి కోసం బాటరీ ఎయిర్ పంపు సిద్ధంగా ఉంది, అందరూ దాని చుట్టూ చేరి మెచ్చుకున్నారు. నీళ్లు పైకి పంపే గొట్టం మూతి పై తొట్టిలో 10 సెంటీమీటర్ల లోతున ఉందని ఎవరికీ గుర్తులేదు. పంపు ఆగితే అదే గొట్టం సైఫనై వెనక్కి లాగుతుంది, మూతికి గాలి తగిలేదాకా: 60 లీటర్లు. సంప్‌లో ఖాళీ 20 లీటర్లకే. మిగిలిన 40 లీటర్ల కృత్రిమ బంగాళాఖాతం హాలు దాటి, బాల్కనీ పక్క పైపు సందులోంచి కిందకి దిగింది.

"సార్, మీ ఇంట్లో కూడా వాన పడుతోందా?" కింద ఫ్లాటాయన ఫోను. "మా ఇంట్లో ఉప్పగా పడుతోంది."

దీనికి మందు ఖర్చులేనిది. నీటి మట్టానికి సెంటీమీటరు కింద ఆ గొట్టానికి చిన్న కన్నం పెడితే, మట్టం అక్కడికి రాగానే గాలి చొరబడి సైఫను తెగుతుంది, దిగేది 6 లీటర్లే. నీళ్లని వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వుని మాత్రం నమ్ముకోకూడదు, ఉప్పు పట్టో నత్త ఇరుక్కునో ఒకనాటికి మూసుకోవడం మానేస్తుంది. కన్నం కూడా పాచి పట్టి పూడిపోతుంది కాబట్టి నెలకోసారి పుల్లతో పొడిచి, కావాలని స్విచ్చి కట్టి చూసుకోవాలి. ఇంటాయన ఈ పని మరిచిపోయే అవకాశం లేదు. అపార్టుమెంటు మెయింటెనెన్సు వసూలుచేసేది కింద ఫ్లాటాయనే. ఒకటో తారీఖున రసీదు పుస్తకంతో వచ్చి, ముందు "కన్నం పొడిచారా?" అని అడిగి, స్విచ్చి స్వయంగా కట్టి, సంప్ దగ్గర గొంతుకు కూర్చుని ఐదు నిమిషాలు చూసి, ఆ తర్వాతే డబ్బులు తీసుకుంటాడు.