సర్వలోప సుందరం

లోకంలో ఏ వస్తువుకు లోపం ఉన్నా ధర పడిపోతుంది. కాలు విరిగిన కుర్చీకి వ్యక్తిత్వం ఉందని ఎవరూ అనరు. ఈ నియమానికి లొంగని వస్తువు నాకు తెలిసి ఒక్కటే: చేత్తో ఫోకస్ చేసుకోవలసిన పాత ఫిల్ము కెమెరా. ఇక్కడ లోపం లేని వస్తువును అనుమానంగా చూస్తారు. లోపాలు పెరిగినకొద్దీ వంశ ప్రతిష్ఠ పెరుగుతుంది. కనుక ఈ మార్గంలో కొత్తగా అడుగుపెడుతున్నవారు ఏ లోపాన్ని ఎంచుకోవాలో చెప్పడం పెద్దల బాధ్యత. ఎవరూ అడగకపోయినా దాన్ని నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

అన్ని లోపాల్లోకీ గౌరవప్రదమైనది లేమి. పెంటాక్స్ కే1000 ఆ విద్యలో ఆరితేరింది. 1976లో మొదలై 1997 దాకా తయారైన ఈ కెమెరాలో సెల్ఫ్ టైమర్ లేదు. ఎంత లోతు వరకు స్పష్టంగా వస్తుందో ముందే చూసుకునే మీట లేదు. వెలుగును కొలిచే లైట్ మీటర్‌ను ఆపే స్విచ్ కూడా లేదు. లెన్సుకు మూత పెట్టడమే స్విచ్, మరిచిపోతే బ్యాటరీ హరించుకుపోతుంది. అదే ఇంట్లో పుట్టిన కేఎమ్‌లో సెల్ఫ్ టైమర్, ఆ మీట రెండూ ఉన్నాయి. అందుకే పాపం దాని పేరు ఎవరికీ తెలియదు. ఆ రెండూ పీకేయగా మిగిలినదేమో విద్యార్థులందరికీ గురుస్థానంలో కూర్చుంది.

లేమి సరిపోదనుకునేవారికి బ్యాటరీ ఉంది. ఒలింపస్ ఓఎమ్-1ను తీసుకోండి. 1972లో ఎమ్-1గా పుట్టి, జర్మన్ కెమెరా సంస్థ లైకా వారు అభ్యంతరం చెప్పడంతో ఓఎమ్-1గా పేరు మార్చుకున్న ముచ్చటైన చిన్న కెమెరా. దాని మీటర్ 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ మీద నడిచేలా చేశారు. పాదరసం విషమని ఆ బ్యాటరీల తయారీని ఆపేశారు. ఇప్పుడు దొరికే 1.5 వోల్టుల బ్యాటరీ అందులో చక్కగా ఇముడుతుంది. మీటర్ మాత్రం లేని వెలుగును ఉన్నట్టు చెబుతుంది, ఫోటోలు చీకట్లో మునుగుతాయి. అనుభవజ్ఞులు దీనికి వినికిడి యంత్రంలో వేసే జింక్ బ్యాటరీ తెచ్చి, చుట్టూ ఒక రింగు తొడిగి వాడతారు. చెవికి ఉద్దేశించిన దానితో కంటి పని నడిపించడం ఈ రంగంలో తప్ప ఇంకెక్కడా చూడం. అది సీలు విప్పిన కొన్నాళ్లకే ఊపిరి వదులుతుంది.

కెనాన్ ఏఈ-1 వారి పద్ధతి వేరు. బ్యాటరీ లేకపోతే ఫిల్ము మీదికి వెలుగును క్షణంపాటు వదిలే షట్టరే కదలదు, కాబట్టి తప్పుడు సలహా ఇచ్చే ప్రమాదం లేదు. కొంత వయసు వచ్చాక ఫోటో తీసినప్పుడల్లా కీచుమంటుంది. లోపల అద్దాన్ని కదిలించే యంత్రాంగంలో నూనె ఎండిపోవడం వల్ల వచ్చే చప్పుడది. దాన్ని బాగుచేయించుకునేవారు కొందరుంటే, ఆ కూత విని మురిసిపోయేవారూ ఉన్నారు.

ఇక లెన్సుల దగ్గరకు వస్తే మన శాస్త్రం శిఖరానికి చేరుతుంది. సోవియట్ హీలియోస్ 44-2 ఉంది. 58 మి.మీ., ఎఫ్/2. వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, అంటే అపెర్చర్, ఎంత పెద్దదో ఎఫ్ చెబుతుంది; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. జర్మన్ల బయోటార్ నమూనాను అనుసరించి చేసినది. అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక ఆకులున్న చెట్టును పెట్టి మనిషిని తీస్తే నేపథ్యమంతా సుడి తిరుగుతుంది. ఇది లెన్సు అంచుల్లోని దోషం. దీన్ని సరిదిద్దడానికి తరాల తరబడి ఇంజనీర్లు శ్రమించి, చివరికి విజయం సాధించారు. ఆ విజయాన్ని కాదనుకుని, సుడి ఎక్కడ దొరుకుతుందా అని జనం వెతుకుతున్నారు.

పెంటాక్స్ వారి 50 మి.మీ. ఎఫ్/1.4 టకుమార్ లెన్సుల్లో కొన్నింటి గాజులో థోరియం కలిపారు. కాంతిని బాగా వంచే గాజు కావాలని చేసిన పని. థోరియం రేడియోధార్మిక పదార్థం. దశాబ్దాలు గడిచేసరికి ఆ గాజు పసుపు పచ్చగా మారుతుంది. కొన్ని రోజులు ఎండలోనో అతినీలలోహిత దీపం కిందనో ఉంచితే ఆ రంగు చాలావరకు విరుగుతుంది. ఇంత సులువైన మందు ఉందని తెలిసినా బయటికి చెప్పకూడదు. పసుపును పాతకాలపు ఆత్మీయతగా చలామణీ చేసినంతకాలం లెన్సుకు గౌరవం, మనకు మాట్లాడుకునే విషయం రెండూ ఉంటాయి.

ఎఫ్/1.8 చాలునా, ఎఫ్/1.4 కావాలా అన్న ధర్మసందేహం కూడా ఇక్కడే తీర్చుకోవాలి. రెండింటి మధ్య తేడా ఒక స్టాపులో (వెలుగు రెట్టింపయ్యే మెట్టును స్టాపంటారు) మూడింట రెండు వంతులు. ఆ కాస్త వెలుగు కోసం ఎఫ్/1.4 కొని, పూర్తిగా తెరిచి తీస్తే పాత లెన్సుల్లో చాలావాటికి బొమ్మ పొగమంచు పట్టినట్టు వస్తుంది. అప్పుడు ఎఫ్/2.8కు మూసి తీస్తారు. గుడ్డి కన్నా మెల్ల మేలన్నారు గానీ, మెల్లకన్నుకు ఎక్కువ డబ్బు ఇవ్వమని పెద్దలు అనలేదు. అది మనం చేర్చిన భాగం.

లెన్సును బాడీకి బిగించే మౌంట్ గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో బాధే ఎక్కువ. 1959 నాటి నికాన్ ఎఫ్ మౌంట్ డిజిటల్ కాలం దాకా వచ్చిందని గర్వంగా చెప్పుకుంటారు. 1977లో లెన్సు అపెర్చర్ సంగతి మీటర్‌కు తనంతట తానే తెలిపే ఏఐ (ఆటోమేటిక్ ఇండెక్సింగ్) పద్ధతి వచ్చిందని, అంతకుముందటి లెన్సును మార్పు చేయించకుండా తరవాతి బాడీల్లో చాలావాటికి బిగిస్తే మీటర్‌కు కబురందించే మీట విరగవచ్చని మాత్రం అంత గట్టిగా చెప్పరు. కెనాన్ వారు 1987లో కొత్త మౌంట్‌తో ఈఓఎస్ కెమెరాలు తెచ్చి తమ పాత ఎఫ్‌డీ లెన్సులన్నింటినీ ఒక్కసారిగా అనాథలను చేశారు. 42 మిల్లీమీటర్ల మర మీద తిరిగే ఎం42 లెన్సులు మాత్రం పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌కూ, జెనిట్, ప్రాక్టికా కెమెరాల్లో చాలావాటికీ సరిపోతాయి. అందుకే ముందు లెన్సు కొని, నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు తరవాత బాడీ కోసం బయలుదేరేవారు వీటి దగ్గరే ఎక్కువ.

కొనేముందు పరీక్షించవచ్చా? మర్యాద తెలిసినవారు చేయరు. మొండిగా చేస్తామంటే విధానం ఇది. వెనక తలుపు తెరిచి, వేగాన్ని ఒక సెకనుకు తిప్పి నొక్కండి. షట్టర్ మొదటి తెర పక్కకు తప్పుకుంటుంది, పళ్లచక్రాలు సన్నగా జర్రుమంటాయి, రెండో తెర వచ్చి మూసుకుంటుంది. ఆ జర్రు మధ్యలో తడబడితే నూనె గట్టిపడిందని అర్థం. తరవాత 1/1000కు మార్చి, వెలుతురుకేసి చూస్తూ నొక్కండి. చట్రం మొత్తం ఒక్కసారి తళుక్కుమనాలి; ఒక అంచు నల్లగా ఉండిపోతే రెండు తెరల్లో ఒకటి సోమరిదైంది. తలుపు గాడిలో వేలు పెడితే తారులా అంటుకున్నది ఒకప్పుడు వెలుగును అడ్డుకున్న స్పాంజి. లెన్సు వెనక టార్చి వేసి చూడండి. సాలెపోగుల్లాంటివి కనిపిస్తే బూజు. అపెర్చర్ రేకుల మీద మెరిసేది నూనె, అది ఉంటే రేకులు బద్ధకంగా మూసుకుంటాయి. ఇదంతా చూస్తూ ఉంటే అమ్మేవారు ‘బూజు వల్ల ఫోటోకు ఏమీ కాదండీ’ అంటారు. తేలికపాటి బూజు విషయంలో చాలాసార్లు అది నిజమే. ఈ వ్యాపారంలో నిజం కూడా అబద్ధంలాగే వినిపించడం ఒక విశేషం.

మన మధ్య ఫోటోలు తీయాలనే దురుద్దేశంతో వచ్చేవారు కొందరున్నారు. వాళ్లు ఏ కే1000నో స్పాట్‌మాటిక్‌నో తీసుకుని, పని తెలిసినవారి చేత శుభ్రం చేయించి, స్పాంజి మార్పించి, మామూలు 50 లేదా 55 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు తగిలించుకుని వెళ్లిపోతారు. అంతటితో ఆగినా బాగుండేది. ఎండలో ఐఎస్‌ఓ 400 (వెలుగును పట్టే వేగం) ఫిల్ము వేసి, ఎఫ్/16, సెకనులో 1/500 వంతు అని మీటర్ చూడకుండానే పెట్టేస్తారు. మబ్బు కమ్మితే ఎఫ్/8కు తెరిచి, ఫోకస్‌ను ఐదు మీటర్ల దగ్గర పెట్టి, ఆ రింగును ఇక ముట్టుకోరు. దాదాపు మూడున్నర మీటర్ల నుంచి తొమ్మిది మీటర్ల దాకా అంతా స్పష్టంగా వచ్చేస్తుంది. సుడి లేదు, పొగమంచు లేదు, పసుపు లేదు. ఎఫ్/1.4 కోసం సర్వస్వం ధారపోసినవారి కళ్లెదుటే ఇంత పని చేసి, రీలు కడిగించుకోవడానికి నిస్సంకోచంగా నడిచిపోతారు. వీరిని మనలో కలుపుకోవాలా వద్దా అన్నది పెద్దలు తేల్చవలసి ఉంది. పెద్దలు ప్రస్తుతం టకుమార్లలో ఏడు గాజులది మంచిదా, ఎనిమిది గాజులది మంచిదా అన్న వివాదంలో తీరిక లేకుండా ఉన్నారు.