లోపమంతా గేదెలోనే ఉంది

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో స్మార్ట్ డెయిరీ, అంటే సెన్సర్లతో, రోబోలతో, యాప్‌లతో పాడి చేయడం, ఎందుకు ముందుకు సాగడం లేదని పెద్దలు చాలామంది తలలు పట్టుకుంటున్నారు. కరెంటు అంటారు, సిగ్నల్ అంటారు, రైతు దగ్గర డబ్బుల్లేవంటారు. అవేం కాదండీ. లోపమంతా గేదెలో ఉంది. కృత్రిమ మేధ తన పని తాను చేసుకుపోతోంది, గేదే సహకరించడం లేదు. ఈ మాట అనే ధైర్యం ఇంతవరకూ ఎవరూ చేయలేదు కాబట్టి నేనంటున్నాను.

ముందు మెడకు కట్టే సెన్సర్ బెల్టు సంగతి చూద్దాం. పశువు ఎంత తిరిగింది, ఎంతసేపు నెమరు వేసింది లెక్కగట్టి, ఎదకు, అంటే చూలు కట్టించే అదనుకు, వచ్చిందో లేదో అది చెబుతుంది. ఎదకొచ్చిన పశువు స్థిమితంగా ఉండదు, అటూ ఇటూ తిరుగుతుంది, లెక్క పెరుగుతుంది, ఫోన్ మోగుతుంది. చక్కటి ఆలోచన. వందల ఆవుల్ని విడిగా వదిలేసే షెడ్లలో బాగానే పనిచేస్తుంది కూడా. మరి కంకిపాడు పక్కన ఊళ్లో ఏ చావిట్లోకైనా వెళ్లి చూడండి, గేదెను పలుపుతో గుంజకు కట్టేసి ఉంటారు, అది ఒకే చోట లేస్తుంది, పడుకుంటుంది, ఇక అడుగుల లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? కట్టేసినంత మాత్రాన నడక మానేయాలా? విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల జిమ్ముల్లో ఎంతమంది ట్రెడ్‌మిల్ ఎక్కి, ఎక్కడికీ వెళ్లకుండానే పదివేల అడుగులు పూర్తి చేయడం లేదు? గేదెకు ఆ పట్టుదల లేదు, అంతే.

దానికితోడు మన ముర్రా జాతి గేదెకు మూగ ఎద అనే దురలవాటు ఒకటుంది. ఆవులా అరిచి ఊరంతా చాటదు, పక్కదాని మీద ఎక్కదు. వెనకనుంచి కాస్త జిగట తీగ వేసి ఊరుకుంటుంది, అదీ ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో, ఎండాకాలంలో అయితే మరీ గుట్టు. ఆ అదను తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి, ఆ 21 రోజుల మేతా తవుడూ చెక్కా రైతు నెత్తిన. కాబట్టి ఎద కనిపెట్టే యంత్రం ఉండాలన్న కోరికను నేను ఎగతాళి చేయను, నిజంగా డబ్బు పోయే చోటు అది. కానీ అర్ధరాత్రి రెండింటికి ఆ అలర్ట్ ఎవరికి వస్తుంది? యాప్ డౌన్‌లోడ్ చేసింది హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి, కాబట్టి ఆ అబ్బాయికి. నిద్రలో లేచి, ఇంగ్లీషు మెసేజ్ చదువుకుని, టెన్షన్ పడి ఇంటికి ఫోన్ చేస్తాడు.

"అమ్మా, గేదె ఎదకొచ్చిందంట, చూడవే."

"నిన్న పొద్దునే చూశాన్రా. సాయంత్రం డాక్టరుగారొచ్చి ఇంజక్షన్ చేసి వెళ్లాడు. పడుకో నాన్నా."

ఆవిడకెలా తెలిసింది? కుడితి పెడుతూ వెనక్కి వెళ్లి చూసింది. గోడమీద క్యాలెండర్లో పోయిన నెల తాను చుట్టిన సున్నా చూసి రోజులు లెక్కపెట్టింది. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున చూలు కట్టే ఇంజక్షన్ చేయించాలన్న లెక్క కూడా ఆవిడ నోట్లోనే ఉంది. ఇలా లైసెన్సు లేకుండా చలామణీ అవుతున్న పరిజ్ఞానం వల్లే మన స్టార్టప్‌లు నష్టపోతున్నాయి. ప్రభుత్వం వెంటనే ఆ క్యాలెండర్ల మీద చర్య తీసుకోవాలి.

ఇక పాలు పితికే రోబో. నెదర్లాండ్స్‌లో 1992లోనే మొదలైంది, మనం ఇంకా చెంబు పట్టుకునే కూర్చున్నాం. ఒక్క రోబో సుమారు 60 ఆవుల్ని చూసుకుంటుంది. మన రైతుకున్నవి నాలుగు గేదెలు. మిగతా 56 కొనుక్కోవడానికి ఆయనకున్న అభ్యంతరమేమిటో నాకర్థం కాదు. సరే, అప్పోసప్పో చేసి కొన్నాడనుకోండి, అప్పుడు గేదె తన అసలు బుద్ధి బయటపెడుతుంది. దూడ వచ్చి పొదుగును నాలుగు గుద్దులు గుద్దితేగానీ చేపదు, అంటే పాలు దించదు. కొన్నయితే రోజూ పితికే మనిషి ఊరెళ్లినా చేపవు, చీర రంగు మారినా అనుమానంగా చూస్తాయి. లేజరు కిరణంతో రొమ్ము ఎక్కడుందో వెతికి పట్టుకున్న యంత్రం ముందు పాలు ఎగబట్టడం ఎంత అవమానం! రోబో కంపెనీలు ఒక రోబో దూడను కూడా జతచేసి ఇవ్వాలని నా విన్నపం.

షెడ్డులో సన్నటి నీటి మంచు చల్లే ఫాగర్ల గురించి ఎక్కువ చెప్పను. విజయవాడ ఎండ తెలిసిందే, గేదెది నల్ల తోలు, చెమట గ్రంథులు ఆవుకంటే తక్కువ, చల్లదనం దానికి తప్పనిసరి. కానీ మన కృష్ణా తీరపు ఉక్కలో ఫ్యాను లేకుండా సన్నటి మంచు చల్లితే తేమ ఇంకా పెరిగి గేదె ఇంకా రొప్పుతుంది. సెన్సర్ మాత్రం ఆటోమేటిక్‌గా ఆన్ అయ్యానని రిపోర్టు పంపుతుంది. చెరువులో వదిలితే చల్లబడుతుంది కదా అంటారా? చెరువుకు డ్యాష్‌బోర్డు లేదు.

చాట్‌బాట్‌ను అడగొచ్చు కదా అని మీరు అడగవచ్చు. "గేదె పాలు తగ్గాయి, ఏం చేయాలి" అంటే అది ఎంత మర్యాదగా జవాబిస్తుందో! అల్ఫాల్ఫా సైలేజి (పాతరేసిన పచ్చిమేత) పెంచమంటుంది, ఆవరణలో ఒక్కో పశువుకు ఎంత చోటుండాలో చెబుతుంది, పదిరకాల కారణాలు వరసపెట్టి చివర్లో పశువైద్యుణ్ణి సంప్రదించమంటుంది. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేస్తే ఆ వైద్యుడే బండేసుకుని వస్తాడు, మధ్యలో ఈ సంభాషణేమీ ఉండదు. వచ్చినాయన వరిగడ్డి తప్ప పచ్చిమేత లేదని గాడి చూసి కనిపెడతాడు, ఖనిజ లవణ మిశ్రమం పెడుతున్నారా అని అడుగుతాడు, పొదుగు తడిమి చూస్తాడు. చూశారా, ప్రాంప్ట్ రాయడం కూడా రాదు ఆయనకు.

అసలు డబ్బు తేలేది పాల కేంద్రంలో. గేదె పాలలో వెన్న 6 అయినా ఉండొచ్చు, 8 అయినా ఉండొచ్చు, రేటు నడిచేది దానిమీదా, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) మీదా. అక్కడ పాలు పరీక్షించే యంత్రం ఏళ్ల తరబడి ఉంది, అంకెలు తెరమీద వస్తాయి. కొన్నిచోట్ల ఆ తెర రైతు వైపు కాక లోపలి వైపు తిరిగి ఉంటుంది. దాన్ని ఇటు తిప్పితే సరిపోతుంది కదా అని ఒకాయన వాదన. ఎంత ప్రమాదం! రైతు పాల డేటా నేరుగా రైతు కంట్లోనే పడితే ఇక డేటా గోప్యత ఏం కావాలి? తెర తిప్పడానికి మెషీన్ లెర్నింగ్ కూడా అక్కర్లేదు, కాబట్టి దానికి నిధులు రావు.

ఇలాంటి నిధులురాని వస్తువులు ఇంకొన్ని ఉన్నాయి. నాలుగు రొమ్ముల పాలు నాలుగు గిన్నెల్లో వేరువేరుగా పట్టి, 3 శాతం సర్ఫ్ నీళ్లు సమానంగా కలిపి తిప్పితే, పొదుగువాపు లోలోపల మొదలైన రొమ్ము పాలు జిగురుగా చిక్కబడి దొరికిపోతాయి. వాపు పైకి కనబడకముందే. గడ్డి ముక్కలు కొట్టే మిషనుంది, నేపియర్ గడ్డి అలాగే పడేస్తే ఆకు తిని కాడ తొక్కేసే గేదె, ముక్కలు చేసి పెడితే కాడతో సహా తింటుంది. దానికి లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, వేలు పెట్టకుండా ఉంటే చాలు.

మొన్న ఒక పశు ప్రదర్శనలో తెనాలి వైపు రైతొకాయన బెల్టు అమ్మే కుర్రాణ్ణి అడుగుతున్నాడు: "బాబూ, ఇది మోగినప్పుడు నేను చేయాల్సిన పనేంటి? చెడిపోతే బాగుచేసే మనిషి గుంటూరులో ఉంటాడా, బెంగళూరు నుంచి రావాలా? వచ్చే ఏడు డబ్బు కట్టకపోతే నా గేదె లెక్క నాకు కనబడుద్దా? మీ లెక్క ఏ ఆవుల మీద నేర్పించారు, మా కట్టేసిన గేదె మీద ఎప్పుడైనా పెట్టి చూశారా?" ఇంత అనాగరికంగా ప్రశ్నలడిగితే ఏ కుర్రాడైనా ఏం చేస్తాడు? పాపం, టీ ఇప్పించి, బ్రోచరు చేతిలో పెట్టి, పక్క స్టాలుకు పంపించాడు. పక్క స్టాలు డ్రోన్లది.